చివర్న పోటున్న గీత

ఒట్టెయ్యమంటే ఎయ్యను మావా. నా ఒట్టుకి విలువేటుంది? "ఇందులో ప్రతి మాటా నేను బతికిందే" అని పుస్తకం మొదటి పేజీలో అచ్చేయించినోడిని నాను. అది అబద్ధం. ఇది మాత్రం నిజం. నవ్వితే నవ్వండి గాని, మధ్యలో లెగకండి.

నా పుస్తకం మీకు తెలుసు కదా. అక్కుపల్లి సముద్రం ఒడ్డున రాత్రుళ్ళు తాబేళ్ళ ఎంట నడిసిన మనిషి జ్ఞాపకాలు. దానికే కదా టెక్కలిలో శాలువా, పలాసలో సన్మానం. నాను పాటాలు సెప్పే బళ్ళో పిల్లలైతే నన్ను సూసి లేచి సప్పట్లు కొట్టారు. 'ప్రకృతి రచయిత' అని పేరుకి ముందు తగిలించేసారు. మరి... ఆ నడిసింది నాను కాదు. మా బావ.

మా అక్క మొగుడు. తాబేలు గుడ్లకి కాపలా కాసేవోడు. తాబేలు ఒడ్డెక్కి గుడ్లు పెట్టి ఎల్లిపోతే ఇసకలో ట్రాక్టరు చక్రం జాడ లాగ పడతాది. ఆ గుడ్లు తీసి, దడి కట్టిన చోట పాతిపెట్టి, జాడకి అడ్డంగా కర్రతో ఒక గీత గీత్తారు. గీత ఉంటే లెక్కయిపోయినట్టు. ఎనకాల వచ్చినోడు మళ్ళీ లెక్కెట్టడు. ఇవన్నీ తెల్లారగట్ల నాకు ఫోన్లో సెప్పేవోడు. నాను టెక్కలిలో దుప్పటి కప్పుకుని వినీవోణ్ణి. ఆడు నడిసిందే 'నేను' అని రాసేసాను.

బావ ఎడం చేతోడు. గీత గీసి, చివర్న కర్రతో ఒక్క పోటు పొడిసేవోడు. ఎందుకు బావా అంటే, "పని అయిపోయినట్టు నాకు తెలియాలి కదా బావా" అనీవోడు. ఆ పోటు పుస్తకంలో రాయలేదు. అదీ రాసేత్తే మరీ ఆడి పుస్తకమే అయిపోద్దనిపించింది.

సన్మానం నాడు చివరి వరసలో కూకున్నాడు. బయటికొచ్చాక ఒక్కటే అన్నాడు. "బాగా రాసినావు బావా. అచ్చం నానే నడిసినట్టుంది."

మెచ్చుకున్నాడా... ఎత్తిపొడిసాడా? అడుగుదాం, అడుగుదాం అనుకుంటూనే ఉన్నాను. పోయినేడు గుండె ఆగి పోయాడు.

ఇప్పుడు రెండో ముద్రణ. విశాఖ నుంచి వీడియో తీసేవోళ్ళు ఆదివారం వత్తామన్నారు. నాను రాత్రి పూట ఒడ్డున నడుత్తూ సెప్పాలట. ఓలమ్మో! ఆ ఒడ్డు రాత్రి పూట నాను ఒక్కసారైనా తొక్కితే కదా! కెమెరా ముందు తడబడితే పరువు పోద్ది. అందుకే శుక్రవారం బడి వదలగానే బస్సెక్కి అక్కుపల్లిలో అక్క ఇంటికి ఎల్లాను. ఒకసారి నడిసి సూసుకుందామని.

అక్కకి మోకాళ్ళు అరిగిపోయాయి. గోడ పట్టుకుంటే గాని నడవలేదు.

"ఎక్కడికిరా ఈ ఏల?" అంది.

"ఒడ్డుకే. ఊరికే."

"ఊరికేనా..." అని నా మొహం వంక సూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. తలుపు మూల బావ సరుగుడు కర్ర నిలబెట్టి ఉంది. ముట్టబుద్ధి కాలేదు. దడిలోంచి ఒక పుల్ల లాక్కుని ఎల్లిపోయాను.

పదకొండు దాటింది. వెన్నెల లేదు. సరుగుడు తోటలో గాలి సుయ్ మంటంది. చెప్పులు చేత్తో పట్టుకుని సెల్లు లైటేసాను. తెల్ల లైటు! తాబేళ్ళు బెదురుతాయి, లైటుకి ఎర్ర కాయితం చుట్టాలి అని పుస్తకంలో రాసినోడినే మరిసిపోయాను. సిగ్గేసి ఆపేసాను.

అరగంట నడిసుంటాను. సుక్కల ఎలుగులో ఒక తాబేలు జాడ కనబడింది. అలవాటు కోసం పుల్లతో అడ్డంగా గీత గీసాను. వంకరగా వచ్చింది. కాసేపు నిలబడి సముద్రం వంక సూసాను.

అప్పుడు... ఎనకాల.

సర్ర్... టక్.

ఇసక మీద కర్ర ఈడ్చిన సద్దు. ఆగింది. మళ్ళీ... సర్ర్... టక్.

"ఎవుల్రా అది?" అందామనుకున్నాను. పీతలేమో. గాలేమో. తిరిగి లైటేసాను.

నా అడుగులే. నాను నడిసొచ్చిన అడుగులు. ఒక్కో అడుక్కీ అడ్డంగా... ఒక గీత. ప్రతి గీత చివర్నా... పోటు.

వంగాను. ఏలు పెట్టి సూసాను. పోటు అడుగున నీరు ఊరతంది. అంటే ఇప్పుడే పొడిసింది. పక్కన ఇంకో మనిషి అడుగు ఒక్కటీ లేదు మావా! ఒక్కటీ! గీతలు మాత్రం సరిగ్గా నా మడమ దాకా ఉన్నాయి.

ఎవడో ఆటపట్టిత్తన్నాడు అనుకున్నాను. బావతో తిరిగిన కాపలావోళ్ళేమో. నీళ్ళ అంచున నడుత్తూ పొడుగు కర్రతో గీత్తే, అడుగులు అల తుడిసేద్ది. కుదురుద్ది. అలాగైతే ఆళ్ళందరికీ నా అబద్ధం తెలుసన్నమాట. ఇన్నాళ్ళూ నన్ను సూసి నవ్వుకుంటన్నారన్నమాట. దెయ్యం కన్నా ఆ మాటకే నాకు ఒళ్ళు చల్లబడింది. ఒకటే పరుగు. చెప్పులెక్కడ పడిపోయాయో కూడా తెలీదు.

ఇంటి దగ్గర లైటు ఎలుగుతంది. అక్క గుమ్మంలో కూకునుంది. బావ కర్ర మూల లేదు. గుమ్మానికి ఆనించి ఉంది. కొసకి తడి ఇసక.

"అక్కా... నువ్వొచ్చావేటి?"

"ఈ కాళ్ళతోనా?" అంది. మళ్ళీ నెమ్మదిగా, "రోజూ నువ్వు నడిసిన ఒడ్డే కదా తమ్ముడా. బయమేటి?" అంది.

అక్కడే కూలబడిపోయాను. ఏడుపొచ్చేసింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు.

వీడియో వోళ్ళని రావద్దన్నాను. మొదటి పేజీ మార్చేసాను. "ఇందులో నడిచినవాడు మా బావ. నేను విన్నవాణ్ణి" అని రాసి, అక్కకి చదివి వినిపించాను. గోడ పట్టుకుని లెగిసి, ఆ కర్ర తెచ్చి నా చేతికిచ్చింది.

"అటక మీద పెట్టీరా. ఇంక దీంతో పనేటుంది" అంది.

ఎవుల పని మావా అయిపోయింది? అక్కదా... బావదా? ఆ కాళ్ళతో అక్క అంత దూరం ఎలా వత్తాది? రాకపోతే కొసకి ఆ ఇసకేటి? అడిగే దమ్ము నాకు లేదు.

ఇప్పటికీ తెల్లారగట్ల, బావ ఫోను చేసే ఏలకి, మెలకువ వచ్చేత్తాది. ఫోను మోగదు. అలాగే వింటూ పడుకుంటాను.