ఆంటీ మోకాలి నొప్పి

నా చిన్నప్పుడు, అంటే మేము ఒరెగాన్‌కి వచ్చిన కొత్తల్లో, ఆ ఊళ్ళో తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఐదంటే ఐదే. ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో ఆరాధన జరిగేది. ఈస్టర్ వెళ్ళిన వారం అందరం కార్లలో సముద్రం చూడడానికి బయలుదేరాం. అక్కడ ఒక కొండ సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది. దాని కొస దాకా అడవిలోంచి కాలిబాట.

"ఈజీ ట్రెయిల్. చంటిపిల్లలు కూడా నడిచేస్తారు" అన్నారు నాన్న, కారు దిగుతూ.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. ఇండియాలో ఉండగానే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. తొడ దాకా ఇనుప కడ్డీల బ్రేస్ ఉండేది. చంటిపిల్లలు నడిచే దారిలో నేను నాన్న వీపెక్కి పోవాలన్నమాట. ఆయన అప్పటికే నా ముందు వంగి కూర్చున్నారు. మిగతా పిల్లలు చూస్తున్నారు. నేను కారు తలుపు వదల్లేదు.

"నేను రాను. కార్‌లోనే ఉంటా."

అప్పుడు ముందుకొచ్చింది నర్సు ఆంటీ. గుంటూరు వైపు మనిషి, ఇక్కడ మేముండే ఊరి ఆస్పత్రిలో పనిచేసేది. చీర మీద స్వెటర్, కాళ్ళకి డ్యూటీలో వేసుకునే తెల్ల బూట్లు. కుడి మోకాలు పట్టుకుని, "అన్నయ్యగారూ, నిన్న డబుల్ షిఫ్ట్ చేశాను. మోకాలు పట్టేసింది. మీ స్పీడ్‌తో నావల్ల కాదు. మీరు పదండి, పాపని నాకు తోడుంచండి" అంది. తర్వాత నావైపు తిరిగి, "కాస్త నీ భుజం ఇస్తావా అమ్మా?" అని అడిగింది.

నన్ను సాయం అడిగిన మొదటి మనిషి ఆవిడే. కారు తలుపు మూసేశాను.

అలాంటి అడవిని నేనెన్నడూ చూడలేదు. ఒక్కో చెట్టు మొదలు మా ఇంట్లో గదంత లావు. కొమ్మలనుంచి నాచు విప్పిన జడల్లా వేలాడుతోంది. వాన లేకపోయినా ఆకుల చివరలనుంచి చినుకులు పడుతూనే ఉన్నాయి. నేలంతా మెత్తగా, పచ్చగా, తడివాసన. ఆంటీ కొద్దిదూరం పోగానే "అబ్బ, మోకాలు" అంటూ ఏ పడిపోయిన మాను మీదో కూర్చునేది. సరిగ్గా నా తొడ లాగడం మొదలైనప్పుడల్లా ఆవిడకీ నొప్పి వచ్చేది. అదేమిటో ఆలోచించే తీరిక నాకు లేదు. "ఆంటీ, వేరుంది, చూసుకోండి. ఇక్కడ జారుతుంది, ఇటు రండి" అంటూ దారి చూపించడంలో మునిగిపోయాను.

ఉన్నట్టుండి చెట్లు అయిపోయాయి. గాలి ఒక్క తోపు తోసింది. ఎదురుగా ఆకాశం దాకా సముద్రం. ఎక్కడో కింద నల్లటి బండల మీద అలలు తెల్లగా విరిగేవి, ఆ చప్పుడు కాస్త ఆలస్యంగా మాదాకా వచ్చేది. పక్షులు మాకన్నా కిందుగా ఎగురుతున్నాయి. ఎగిరే పక్షి వీపు చూడడం నాకదే మొదటిసారి.

నాన్న నన్ను చూసి లేచి నిలబడ్డారు. "మొత్తం నడిచావా తల్లీ?"

"ఆంటీని తీసుకొచ్చాను" అన్నాను.

తిరిగి అలాగే ఆగుతూ ఆగుతూ వచ్చేశాం. కార్లు ఆపినచోటికి చేరుతుండగా, మాతో వచ్చినవాళ్ళ రెండేళ్ళ పాప, తల్లి చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది. అటు ఒక కారు రివర్స్‌లో వస్తోంది. ఆంటీ నా భుజం వదిలి ఒక్క ఉదుటున దూసుకుపోయింది. అంత వేగంగా పరిగెత్తిన పెద్దవాళ్ళను నేను చూడలేదు. పాపను ఎత్తి తల్లికిచ్చి వెనక్కి తిరిగింది. నా మొహం చూసింది. చూడగానే నడక నెమ్మదించి, మళ్ళీ కుంటడం మొదలుపెట్టింది. ఈసారి ఎడమకాలు!

నా చెవులు వేడెక్కాయి. నన్ను మోసం చేసింది. అందరిముందూ అడిగేద్దామని నోరు తెరిచాను. ఆవిడ తల తిప్పుకోలేదు. నవ్వలేదు. తప్పు దొరికిపోయిన పిల్లలా అక్కడే నిలబడింది. వెనక్కి తిరిగి అడవిలోకి పోతున్న దారిని చూశాను. ఆవిడ నొప్పి అబద్ధమే కాని, ఆ దారంతా నేను నా కాళ్ళతో నడవడం అబద్ధం కాదు.

ఎదురెళ్ళి భుజం ఇచ్చాను. "కారు ఇంకా దూరముంది ఆంటీ. మెల్లగా రండి."

ఆవిడ చెయ్యి వేసింది. ఆ చేతిలో బరువే లేదు. వెళ్ళేటప్పుడూ లేదేమో, నేనే గమనించలేదు.

ఆవిడ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు నాకు అరవై దాటాయి. శనివారాలు లైబ్రరీలో చిన్నపిల్లల చేత చదివిస్తుంటాను. అక్షరాల దగ్గర తడబడుతూ, పక్కవాళ్ళు నవ్వుతారని పుస్తకం తెరవని పిల్లలు కొందరు ఉంటారు. వాళ్ళ పక్కన కూర్చుని, "కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాను నాన్నా, ఈ పేజీ కాస్త చదివిపెడతావా?" అని అడుగుతాను.

కళ్ళజోడు నా సంచిలోనే ఉంటుంది.