ఇంటిపేరు చూసి కట్టించిన రాఖీ

మొన్న రాఖీ పండగ రోజు నేను పచ్చని కాపురంలో నిప్పులు పోసినంత పని చేశాను. ఎవరి కాపురం అనుకున్నారు? మా ఎదురు ఫ్లాట్ వాళ్ళది! చెడ్డ ఉద్దేశంతో కాదండీ బాబూ, తెలివి కాస్త ఎక్కువై.

నాకు పేర్ల పిచ్చి. కొత్తవాళ్ళు కనబడితే "బాగున్నారా" కన్నా ముందు "మీ పేరుకు అర్థమేంటి?" అంటాను. అసలు దీనికంతా మూలం నా పేరే. మద్దిలేటి. మా నంద్యాల వైపు వీధికొక మద్దిలేటి ఉంటాడు. బెంగళూరు ఆఫీసులో మాత్రం ఒక్కరికీ నోరు తిరక్క "మ్యాడీ" చేసేశారు. పేరు పోగొట్టుకున్నవాడికే కదా పేరు విలువ తెలిసేది! అప్పట్నుంచి అందరి పేర్లూ తవ్వడం మొదలుపెట్టాను.

మా టీమ్‌లో ఘానా నుంచి వచ్చిన కోఫీ ఉన్నాడు. శుక్రవారం పుట్టిన మగపిల్లాడికి అక్కడ పెట్టే పేరట అది! పేరు వింటే చాలు, పుట్టిన వారం తెలిసిపోతుంది. మంగోలియాలోనేమో కొందరు దిష్టి తగలకుండా బిడ్డకు "పేరు లేదు" అనే అర్థం వచ్చే పేరు పెడతారట. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఎందుకంటే మా తాత పేరు పెంటయ్య. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే, ఈయన్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరి బిడ్డనో ఏరుకున్నట్టు తిరిగి తెచ్చుకున్నారు. ఎక్కడి మంగోలియా, ఎక్కడి మా ఊరు! బిడ్డ దక్కాలన్న ఆరాటం మాత్రం ఒక్కటే.

సరే, అసలు సంగతికొస్తాను. యలహంకలో మా ఎదురు ఫ్లాట్‌లోకి వియత్నాం నుంచి ఇద్దరు దిగారు, ఏదో ప్రాజెక్టు పని మీద. అబ్బాయి న్గుయెన్ వాన్ తువాన్. అమ్మాయి న్గుయెన్ థి లాన్. లాన్ అంటే ఆర్కిడ్ పువ్వట. అంతకన్నా గొప్ప సంగతేంటంటే, వాళ్ళకూ మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు చివర! నాకైతే తప్పిపోయిన చుట్టాలు దొరికినంత సంబరం.

ఆ సాయంత్రమే ఫోన్‌లో వెతికాను. వియత్నాంలో ఆడవాళ్ళు పెళ్ళయినా ఇంటిపేరు మార్చుకోరని కనబడింది. ఆ ఒక్క ముక్క చదివి ఫోన్ పక్కన పడేసి, మా ఆవిడ శైలజను పిలిచాను.

"వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళోయ్!"

"ఎవరు చెప్పారు?"

"ఇంటిపేరే చెప్పింది. పెళ్ళయినా ఇంటిపేరు మారదు. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. అంటే ఇద్దరూ ఒకే ఇంట్లో పుట్టారు. సింపుల్ లాజిక్!"

"ఎందుకొచ్చిన లాజిక్, నేరుగా అడగొచ్చు కదా?"

"బాగోదు. ఇంత తెలిసీ అడగడమేంటి?"

మా అత్తమ్మ సుబ్బమ్మగారు మా దగ్గరే ఉంటారు. పుట్టి పెరిగింది ఇక్కడే, బెంగళూరు కాటన్‌పేటలో. ఇంటిపేరూ గోత్రమూ అడక్కుండా ఎవరికీ మంచినీళ్ళు కూడా ఇవ్వని మనిషి. ఆమె పప్పు ఏరుతూనే తీర్పు చెప్పేశారు. "ఒగే ఇంటిపేరంటే అన్నాచెల్లెండ్లే కదప్పా. అడిగేదానికి ఇంగేముండాది?"

ఇంకేం, ఖాయమైపోయింది.

రాఖీ మా వైపు అంతగా లేదు గానీ, మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఘనంగా చేస్తారు. పాపం, దేశం కాని దేశంలో అన్నాచెల్లెళ్ళు, వాళ్ళకు మాత్రం ఎవరున్నారు? నేనే తళతళలాడే రాఖీ ఒకటి కొని, ఇద్దర్నీ వెంటబెట్టుకుని, శైలజతో, అత్తమ్మతో కలిసి వెళ్ళాను. అందరి మధ్యా నిలబెట్టి, నా ఇంగ్లీషంతా కూడగట్టుకుని వివరించాను.

"లాన్, ఇది తువాన్ చేతికి కట్టు. చాలా పవిత్రమైన బంధం. ఇది కడితే జీవితాంతం నిన్ను కాపాడతానని అతను మాట ఇచ్చినట్టు."

లాన్ కళ్ళు చెమర్చాయి. ఎంతో భక్తిగా కట్టింది. హారతిచ్చింది. నోట్లో లడ్డూ పెట్టింది. చప్పట్లే చప్పట్లు! శైలజ ఆమె ఫోన్‌లోనే వీడియో తీసింది. లాన్ అక్కడికక్కడే దాన్ని వాళ్ళ అమ్మమ్మకు పంపించేసింది. నేను ఛాతీ ఉబ్బించుకుని తర్వాతి ఘట్టానికి వచ్చాను.

"తువాన్, ఇప్పుడు నువ్వు మీ చెల్లెలికి గిఫ్ట్ ఇవ్వాలి."

తువాన్ చుట్టూ చూశాడు. "మా చెల్లెలా? తను హనోయ్‌లో ఉంది కదా!"

"ఇక్కడే ఉందిగా... లాన్!"

"లాన్ నా భార్య."

శైలజ నా వైపు చూసిన చూపు గురించి నేనేమీ చెప్పను.

లాన్ మొహం పాలిపోయింది. "అంటే ఇది... అన్నకు కట్టేదా?"

అప్పుడు తెలిసింది అసలు కథ. న్గుయెన్ అంటే వాళ్ళ దేశంలో రాజవంశం పేరట. రాజ్యాలు మారినప్పుడల్లా జనం రాజుల ఇంటిపేరు పెట్టుకుంటూ పోయారట. ఇప్పుడు ఏ వీధిలో రాయి విసిరినా ఒక న్గుయెన్‌కు తగులుతుంది. ఫోన్‌లో ఇంకో రెండు ముక్కలు చదివి ఉంటే నాకూ తెలిసేది! కానీ వీళ్ళిద్దరివీ పక్కపక్క ఊళ్ళు కావడంతో, లాన్ అమ్మమ్మ మాత్రం ఎక్కడో రక్తసంబంధం ఉండే ఉంటుందని చాలాకాలం పెళ్ళికి ఒప్పుకోలేదట. తరాలన్నీ ఆరా తీసి, చివరికి మొన్నీమధ్యే మనసు మార్చుకుని దీవించింది.

"అది ఇండియాలో భార్యాభర్తల పూజ అని రాసి పంపాను. అమ్మమ్మ చూసేసింది కూడా. రాఖీ అంటే ఏంటో ఆమెకు ఎవరైనా చెప్తే?" అంటూ లాన్ ఏడ్చేసింది.

నాకు భూమి బద్దలై అందులో దూరిపోతే బాగుండుననిపించింది. మంచి చేస్తున్నాననుకుని, ఆ పిల్ల అంత కష్టపడి సంపాదించుకున్న దీవెన మీదికి తెచ్చాను.

అత్తమ్మ లేచారు. "మొగునికి రాఖీ కట్టించినావా! ఎంత గలాటా చేసినావప్పా!"

"అత్తమ్మా, మీరే కదా ఒకే ఇంటిపేరంటే..."

"నేను మన ఇంటిపేర్ల లెక్క చెప్తిని. వాళ్ళ లెక్క కనుక్కోవాల్సింది నువ్వు గదా!"

ఇక ఆమె ఆజ్ఞలు మొదలయ్యాయి. తువాన్ చేతి రాఖీ విప్పించారు. అదే రాఖీ లాన్ చేత నా చేతికి కట్టించారు. "ఇప్పుడు ఆ యమ్మికి అన్నవి నువ్వు. ఇంగ పెండ్లి చెయ్యి!" పూజకు తెచ్చిన రెండు దండలు వాళ్ళిద్దరి చేతా మార్పించారు. నేను పెళ్ళికూతురి అన్న హోదాలో అక్షింతల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. రాఖీకని వచ్చిన జనమంతా అక్షింతలు వేశారు. తువాన్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆఖరికి లాన్ కూడా కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది.

జరిగిందంతా దాచకుండా రాసి, శైలజ తీసిన ఈ పెళ్ళి వీడియో కూడా అమ్మమ్మకు పంపింది. కాసేపటికి వీడియో కాల్! ముడతలు పడ్డ మొహం, చురుకైన కళ్ళు. నన్ను తేరిపార చూసి ఏదో అడిగింది. లాన్ పకపకా నవ్వుతూ చెప్పింది. "కొత్తగా అన్నయ్య అయ్యాడు కదా, ఆయన ఇంటిపేరేంటో కనుక్కున్నావా అంటోంది!"

"పెద్దోళ్ళంటే అట్లుండల్ల!" అత్తమ్మ మెచ్చుకోలుగా తలూపారు.

నా ఇంటిపేరు చెప్పాను. న్గుయెన్ కాదని తేలాక పెద్దావిడ రెండు చేతులూ ఎత్తి అందర్నీ దీవించింది. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

కానీ అన్న అవడమంటే మాటలా! ఇంట్లో అల్లుణ్ణి కదా అని ఇన్నాళ్ళూ వేడి వేడి ఓళిగలు, అదేనండీ బొబ్బట్లు, మొదట నా ప్లేటులోనే పడేవి. ఇప్పుడు పెనం మీంచి తీసినవి తీసినట్టు, నెయ్యి కూడా వేసి, నా చేతికే ఇచ్చి ఎదురు ఫ్లాట్‌కు పంపిస్తున్నారు. "ఇంటి ఆడబిడ్డ మొగుడప్పా, మర్యాద తక్కువైతే అలుగుతాడు" అంటారు అత్తమ్మ.

నిన్న తువాన్ తలుపు తీసి, ప్లేటు అందుకుని, అత్తమ్మ నేర్పిన తెలుగులో అడిగాడు. "బావా, నువ్వు తిన్నావా?"

లేదు బావా. మిగిలితే తింటాను.