వెనక్కి అడిగిన కట్టెల పొయ్యి

ఒరెగాన్‌లో ఇల్లు అమ్మి టెక్సస్‌లోని ఫ్రిస్కోకి మారాలని నిశ్చయించుకున్నాక నేను చేసిన మొదటి పని, హాల్లోని ఇనప కట్టెల పొయ్యిని ఒకరికి ఇచ్చేయడం. మాకు ముందున్నవాళ్లు వదిలి వెళ్లిన పాత పొయ్యి అది. పన్నెండు చలికాలాలు మమ్మల్ని వెచ్చగా ఉంచింది. నాతో పనిచేసే వరంగల్ స్నేహితుడు కొండ దగ్గర చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. "తీసుకెళ్లు" అన్నాను. అతను వెల మాట ఎత్తబోతే ఆపేశాను. మా తాతగారి హయాంలో మా ఇంటి నుంచి ఊరికే వెళ్లిన వస్తువులే గాని వెలకు వెళ్లినవి లేవు. నాన్నగారి హయాంలో అన్నీ వెలకే వెళ్లాయి. ఆ మచ్చ నాతోనైనా పోవాలనుకున్నాను.

అమ్మకం చూస్తున్న ఏజెంట్ విజయవాడ ఆవిడ. సంతకాలకు నాలుగు రోజుల ముందు ఫోన్ చేసింది.

"ఏవండీ, ఆ స్టవ్ వెనకాల, పొగ తక్కువ వదులుతుందని సర్టిఫికేషన్ ప్లేట్ ఉందా?"

"లేదు. బాగా పాతది."

"అయితే ఇల్లు అమ్మేటప్పుడు దాన్ని తీయించి డిస్ట్రాయ్ చేయాలండీ. స్క్రాప్ యార్డ్ రిసీట్ చూస్తేగానీ బయ్యర్స్ సైన్ చేయరంట."

"ఒకరికి ఇచ్చేశాను."

"అయ్యో! ఇంకో ఇంట్లో బిగించకూడదండీ. నన్నొక్క మాట అడగాల్సింది."

పాత పొయ్యి పొగ ఎక్కువ వదులుతుందన్న మాట నిజమే, కాదనను. కానీ ఇచ్చినదాన్ని వెనక్కి ఎలా అడగాలో ఆ రూల్‌లో ఎక్కడా రాయలేదు. ఫ్రిస్కోలో కొంటున్న ఇల్లు ఈ అమ్మకం మీదే ఆధారపడి ఉంది. రెండు రోజులు ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను.

"పోనీ, నేను అడగనా?" అంది మా ఆవిడ.

"నీకెందుకు?" అని కసిరాను.

మూడో రోజు అతనింటికి వెళ్లాను. పొయ్యికి అప్పటికే పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. పక్కన కట్టెలు పేర్చి ఉన్నాయి.

"రూల్ ఒకటి అడ్డొచ్చిందయ్యా" అన్నాను. ఆ పొయ్యిని నాశనం చేయించాలని చెప్పగలిగాను గాని, 'తిరిగి ఇవ్వు' అన్న మాటకు నోరు పెగల్లేదు.

అతను నవ్వాడు. "గింతదానికి పరేషానైనవా అన్నా? ఫోన్ చేస్తే నేనే తెచ్చేటోణ్ణి గద. పట్టు, ఎత్తుదాం."

"బొట్లు తుడవాల్నా?" అంది అతని భార్య.

"ఉండనీ. పెళ్లిపిల్ల లెక్క సాగనంపుదాం."

నాకు నవ్వు రాలేదు. అతను నవ్వకుండా కోప్పడి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో.

స్క్రాప్ యార్డ్‌లో దాని తలుపు ఊడబీకి, పొట్టను గ్యాస్ మంటతో కోసేశారు. రిసీట్ కోసం ఇచ్చిన కాగితంలో యజమాని పేరు రాయమని ఒక గడి ఉంది. నా చెయ్యి ఆగింది.

"రాయన్నా, నీదే గద" అన్నాడు అతను.

నాది కాదు. నేను "తీసుకెళ్లు" అన్న రోజు నుంచీ అది అతనిది. ఆ మాట పైకి అంటే రిసీట్ అతని పేరున వస్తుంది, అది ఏజెంట్‌కు పనికిరాదు. కాగితం మీద నా పేరే రాశాను, ఇంటిపేరుతో సహా.