కొంగు ముడిలో బార్బరమ్మ

వేప్పనపల్లి చుట్టుపక్కల మామిడి తోపుల్లో నంజప్ప చెయ్యి పడని బావి అరుదు. ఆ మెట్టనేలలో కాస్త లోతుకు పోతే చాలు, బండ తగులుతుంది. బండకు గుంతలు తొలిచి, తూటాలు కూరి, వత్తి అంటించి పైకి ఎగబాకాలి. అట్లాంటి పనివాణ్ణి కట్టుకున్న కదిరమ్మకు దినమూ రెండు పనులు: పొద్దున సంగటి కెలకడం, మధ్యాహ్నం యాడున్నా చెవి అటే పెట్టి పేలుళ్ళు లెక్కబెట్టడం. కూరిన తూటాలకూ పేలిన వాటికీ లెక్క సరిపోతే ఆ పూటకు మొగుడు బతికినట్టు.

కృష్ణగిరి దగ్గర ఏటికి ఆనకట్ట కడుతున్న ఏండ్లలో నంజప్ప కొన్నాళ్ళు ఆడ రాళ్ళపనికి పోయినాడు. అరుళప్ప అని ఒక కిరస్తానీ ముసలాయన పరిచయమైనాడు. కోలారు బంగారు గనిలో ఒళ్ళు అరగదీసుకుని వచ్చినవాడు. ఆయనకు జ్వరమొస్తే నంజప్ప గంజి కాచి తాపించినాడు. అంతకు మించి ఏమీ చేయలేదు. అయినా ముసలాయన పని మానుకుని పోయేటప్పుడు తన మెడలోని ఇత్తడి బిళ్ళ విప్పి నంజప్ప మెడలో కట్టినాడు.

బిళ్ళ మీద ఒక ఆడపిల్ల, పక్కన ఒక బురుజు. పేరు బార్బరమ్మ. ఏసుదేవుణ్ణి నమ్మిందని కన్నతండ్రే ఆ పిల్లను బురుజులో పెట్టి మూసి, ఆనక తల నరికినాడట, నరికినవాణ్ణి పిడుగు కొట్టిందట. అప్పటినుంచి పిడుగుకూ పేలుడు మందుకూ ఆమే కాపలా అని, గనిలోకి పోయేవాళ్ళు ఆమెను తలుచుకోకుండా దిగరని చెప్పినాడు అరుళప్ప. నంజప్ప ఆ బిళ్ళను మునీశ్వరుని తాయెత్తు పక్కన కట్టుకున్నాడు. కదిరమ్మ శుక్రవారం పూట రెండిటికీ ఒకే వేలితో కుంకుమ పెట్టేది. దేవుళ్ళు తగవులాడుకోరు, తగవులన్నీ మనుషులవే అని ఆమె నమ్మకం.

ఆ మాట ఎంత నిజమో బిళ్ళే చూపించింది.

ఒక్కోసారి తూటా పేలకుండా లోపలే ఉండిపోతుంది. ఎవరో ఒకరు దిగి దాన్ని చూడాలి. మునుపు దానికి వంతులుండేవి. బిళ్ళ వచ్చినాక నంజప్ప వంతులో దిగినాడు, ఏమీ కాలేదు. ఇంకోసారి దిగినాడు, ఏమీ కాలేదు. అంతే, వంతులు పోయినాయి. తూటా పేలకపోతే చాలు, జతగాళ్ళు నంజప్ప మెడకేసి చూసేవాళ్ళు. "నీకు తల్లి తోడుంది, మాకు ఎవురున్నారప్పా" అని నవ్వేవాళ్ళు. నంజప్ప మెత్తని మనిషి. కాదనేదానికి నోరు రాదు.

"మావా, ఆ ముసలాయన బిళ్ళ ఇచ్చింది నిన్ను కాపాడేదానికా, నిన్ను బావిలోకి తోసేదానికా?" అని ఒకనాడు కదిరమ్మ అడిగేసింది. నంజప్ప నవ్వి, సంగటి ముద్దలో గుంత చేసి చారు పోసుకున్నాడు.

ఆ ఎండాకాలం చెన్నకేశవ అనే ఆసామి తోపులో బావి పని పడింది. కొత్తగా నాటిన మామిడి మొక్కలు ఎండుతున్నాయని ఆసామికి ఒకటే తొందర. జట్టులోకి ఆంజప్ప అనే పడుచువాడు, వాని పెండ్లాం మారియమ్మ కొత్తగా చేరినారు. మంచి పిల్లలు. గట్టున రాళ్ళు మోసే కదిరమ్మ నడుంనొప్పి చూసి మారియమ్మ చెప్పకుండానే ఆమె రాళ్ళగంపలో సగం తన గంపలోకి వేసుకునేది. ఆంజప్ప సంగటిలోకి నంజుకునే తన ఎర్రగడ్డ విరిచి ముందు నంజప్పకు పెట్టి తరువాత తాను తినేవాడు.

ఒక బుధవారం నంజప్ప తలకు పోసుకునేటప్పుడు బిళ్ళ విప్పి గూట్లో పెట్టినాడు. కదిరమ్మ దాన్ని తీసి కొంగున ముడి వేసుకుంది. దారం చివికిపోయింది, సాయంత్రానికి కొత్తది పేని కడతానని చెప్పింది. బిళ్ళ లేకుంటే మొగుణ్ణి ఎవరూ దింపరు. అంతే ఆమె ఆలోచన. అంతకు మించి పోలేదు.

మధ్యాహ్నం తూటాలు పేలినాయి. లెక్క ఒకటి తగ్గింది.

అందరూ నంజప్ప మెడకేసి చూసినారు. ఈ దినం బిళ్ళ ఇంట్లో ఉండిపోయిందని, మందు నానేటట్టు గుంతలో నీళ్ళు పోయించి రేపు దిగుతానని ఆసామికి చెప్పుకున్నాడు నంజప్ప.

"ఏమిరా, మీ తల్లి పుట్టింటికి పోయిందా?" అన్నాడు చెన్నకేశవ. "మొక్కలు రేపటిదాకా ఆగుతాయా? మొగోడు ఎవుడూ లేడా ఈడ?"

ఆంజప్ప తలపాగా బిగించుకున్నాడు. "నంజప్పన్న ఎన్నిసార్లు దిగలేదు సామీ, ఏమైంది? నేను పోతాను."

ఇన్నాళ్ళూ నంజప్పకు ఏమీ కాకపోవడం చూసి చూసి, తూటా అంటే వానికి భయం పోయింది.

కదిరమ్మ గట్టునే నిలబడి ఉంది. బిళ్ళ ముడి ఆమె పిడికిట్లో ఉంది. విప్పి ఆంజప్ప మెడలో వేయవచ్చు. వేస్తే, ఇంట్లో ఉందన్న బిళ్ళ ఈడికి ఎట్లా వచ్చిందంటారు, దాన్ని లాక్కుని మళ్ళీ నంజప్ప మెడకే కట్టి దింపుతారు. ఆమె పిడికిలి బిగించింది. ఆంజప్ప మెట్లు దిగుతూ, తన కోసం ఎర్రగడ్డ ఉంచమని పెండ్లానికి చెప్పినాడు. నోరు తెరవడానికి కదిరమ్మకు అంత సేపూ ఉంది. ఆమె తెరవలేదు.

ఆ పేలుడుతో లెక్క సరిపోయింది.

ఆంజప్పను దుప్పట్లో ఎత్తినారు. చెన్నకేశవ వచ్చి చూసి, మందు దగ్గర తొందరపడితే ఇంతే అన్నాడు. సాయంత్రం నంజప్ప ఏమీ అడగకుండా పెండ్లాం ముందు చెయ్యి చాపినాడు. ఆమె ముడి విప్పి బిళ్ళ పెట్టింది. నాలుగు దినాలకు అదే బావిలోకి అదే బిళ్ళతో దిగినాడు. నీళ్ళు తియ్యగా పడినాయి. మొక్కలన్నీ బతికినాయి.

నంజప్ప తూటాకు చావలేదు. పది, పన్నెండేండ్ల తరువాత రాతిదుమ్ముకు చచ్చిపోయినాడు. ఊపిరితిత్తుల్లో పిండి పట్టిపోయిందని హోసూరులో డాక్టరు చెప్పినాడు. పిడుగుకూ మందుకూ కాపలా ఉంది గాని, దుమ్ముకు ఎవరూ లేరు. ఆయన దగ్గి దగ్గి పడుకున్న ఆ ఏడాదంతా కదిరమ్మ గుమ్మంలో దినమూ ఒక బిందె నీళ్ళు పెట్టిపోయింది మారియమ్మ. మళ్ళీ పెండ్లి చేసుకోలేదు. బిడ్డలు లేరు. తన నీళ్ళు తాను తోడుకుని, ఇంకో బిందె ఈడికి మోసేది.

నంజప్ప చావు దినాలు అయినాక కదిరమ్మ బిళ్ళ పట్టుకుని ఆమె గుడిసెకు పోయింది. ఆ దినం ఇది తన కొంగులోనే ఉండిందని తలవంచుకుని చెప్పింది.

మారియమ్మ రాగులు చెరుగుతా ఉంది. చేట ఆపలేదు.

"తెలుసక్కా. నువ్వు ముడి పట్టుకుని నిలబడినావు. నేను నీ పక్కనే ఉండినాను గదా."

కదిరమ్మ బిళ్ళను ఆమె ముందు పెట్టింది. ఇదన్నా తీసుకోమ్మా అంది.

మారియమ్మ దాన్ని చూసింది. బురుజు పక్కన ఆడపిల్ల, అరిగిపోయి మొహం తెలియడం లేదు.

"నాకెందుకక్కా. మా ఇంట్లో బావిలోకి దిగేవాళ్ళు ఎవురూ లేరు."

చెరిగిన రాగుల్లో నుంచి ఒక దోసెడు తీసి కదిరమ్మ కొంగులో పోసింది. బిళ్ళను కూడా ఆ రాగుల మీదే పెట్టి, తానే ముడి వేసి పంపించింది. తెల్లారి లేచి చూస్తే గుమ్మంలో నీళ్ళబిందె ఎప్పటి మాదిరే ఉంది.