నాన్న ఫ్లెక్సీ

మా నాన్న కరెంటు లైన్‌మన్. రిటైరయ్యాక కూడా ఆదివారమైతే నిచ్చెన భుజాన వేసుకుని పోయి, స్తంభాలకు కట్టిన నాయకుల ఫ్లెక్సీలు కోసేసేవాడు. "ఎక్కేవాడి ప్రాణం మీదికి తెస్తాయమ్మా ఇవి" అనేవాడు. నాయకుల మనుషులు ఇంటికొచ్చి బెదిరించినా మానలేదు. కోసినవి రైతులకు ఇచ్చేవాడు, వానొస్తే ఆరబోసిన మిరపకాయల మీద కప్పుకోమని.

ఆయన పోయిన మర్నాడే ఆ నాయకులు నాన్న ఫొటో పక్కన తమ ఫొటోలు వేయించి, మా ఇంటి ముందు స్తంభానికే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టించారు. నాకు ఒళ్లు మండింది. నాన్న నిచ్చెన వేసుకుని ఎక్కాను.

"మీ నాన్నగారికి గౌరవమమ్మా, దిగండి!" అని కింద నుంచి ఓ నాయకుడు అరిచాడు.

"గౌరవమైతే నిచ్చెన పట్టుకోండి!" అని కోసేశాను.

దాన్ని పక్కింటి రైతుకు ఇచ్చాను. సాయంత్రం వాన పడింది. కళ్లంలో నాన్నా, నాయకులూ కలిసే తడిశారు. కాయ ఒక్కటీ తడవలేదు.