ముప్పై ఒకటో వరుస

రామాంజినప్పది మండికల్లు అనే పల్లె. పదహారేళ్ల వయసు నుంచీ చింతామణిలో బస్సు సీట్లకు కవర్లు కుట్టాడు. బెంగళూరు దగ్గర దేవనహళ్లిలో విమానాశ్రయం మొదలైన రెండేళ్లకు, దగ్గర్లోనే విమానం సీట్లు బాగుచేసే ఒక వర్క్‌షాపులో చేరాడు. అప్పటికి విమానంలో ప్రయాణం మాత్రం చేసి ఉండలేదు.

మొదట్లో వచ్చిన సీట్ల ఫోము బెత్తెడు మందం ఉండేది. ముందు వరుసల సీట్లు సోఫాల్లాంటివి. వెనక్కి వాలిస్తే కాళ్ల కింద ఇంకో పలక లేచేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక పనివాళ్లు వంతులవారీగా వాటిలో నడుం వాల్చేవారు.

ఏడెనిమిదేళ్లకు పని మారిపోయింది. వచ్చిన ప్రతి విమానంలోనూ ఆ పెద్ద సీట్లు పీకేసి, అందరికీ ఒకే రకం సన్నసీట్లు బిగించమన్నారు. ఫోము రెండు వేళ్ల మందమే. వరుసల మధ్య ఎడం తగ్గించి, చివర ఇంకో రెండు వరుసలు ఇరికించాలి.

"ఇంత ఇరుకులో మనిషి కాళ్లు యాడ పెట్టుకుంటాడప్పా?" అని సూపర్‌వైజర్ మునివెంకటప్పను అడిగాడు.

"రెండు గంటలు ఓర్చుకుంటారులేప్పా. నువ్వు బిగించు."

బిగించాడు. రోజంతా మోకాళ్ల మీద కూర్చుని నేలకు బోల్టులు వేసీ వేసీ కుడి మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ అయ్యాక దాన్ని సగమే మడవగలిగేవాడు.

పోయిన ఏడాది ఆషాఢంలో తమ్ముడు ఈరప్ప టొమాటో లారీ తోలుకుని ఢిల్లీ వెళ్లాడు. అక్కడ సరుకు దింపుతుండగా గుండె పట్టుకుని కూలిపోయాడు. తోటి డ్రైవరు ఆస్పత్రిలో చేర్చి ఫోన్ చేశాడు. లారీ యజమాని ఆ పొద్దునే రామాంజినప్పను విమానం ఎక్కించాడు.

ముప్పై ఒకటో వరుస, మధ్య సీటు. కూర్చోగానే అతనికి అర్థమైంది. తాము ఇరికించిన వరుసల్లాంటిదే ఇదీ. వెనక గోడ, సీటు వాలదు. కుడికాలు ముందు సీటుకు తగిలి ఎటూ చాపలేకపోయాడు.

గంటకే నొప్పి తొడదాకా పాకింది. లేచి నడవ చివర నిలబడ్డాడు. కుదుపులున్నాయి, కూర్చోమని ఎయిర్ హోస్టెస్ చెప్పింది.

"మోకాలు మడవలేనమ్మా. మొదటి వరుసలో కాళ్లు చాపుకోవచ్చు, ఆ సీట్లు ఖాళీగా ఉండాయి కదా?"

ఆమెకు అతని తెలుగు అర్థమైంది. అవి వేరే రేటు సీట్లని కన్నడంలో మెల్లగా చెప్పింది. అతను వచ్చి మళ్లీ తన సీట్లో ఇరుక్కున్నాడు.

పక్కనున్న లావుపాటి ఆయన కూడా కదల్లేక చెమటలు కక్కుతున్నాడు. "ఈ సీట్లు చేసినోడు ఒక్కసారి దీంట్లో కూర్చోవాల," అని తిట్టాడు. రామాంజినప్ప తల వంచుకున్నాడు.

దిగే సమయానికి మోకాలు పట్టేసింది. అందరూ వెళ్లిపోయాక కూడా అతను లేవలేకపోయాడు. చక్రాల కుర్చీ రావడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ ఖాళీ విమానంలో తొడ నొక్కుకుంటూ కూర్చున్నాడు.

ఆస్పత్రి గుమ్మంలో తోటి డ్రైవరు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"పోయి ఇర్వై నిమిషాలయిందన్నా. అన్న వచ్చినాడా, వచ్చినాడా అని రెండుమాట్లు అడిగె."

ఈరప్ప ముఖం ఇంకా వెచ్చగానే ఉంది. రామాంజినప్ప ఆ చెంప మీదనుంచి చెయ్యి తీయలేదు. నర్సు వచ్చి పక్కకు జరిపేదాకా అలాగే నిలబడ్డాడు.

మర్నాడు శవపేటికతో తిరిగొచ్చాడు. మట్టి చేసి వచ్చాక మరదలు అంజనమ్మ అడిగింది.

"బావా, ఆఖర్న నీతో ఏమన్నా మాట్లాడినాడా?"

"లేదమ్మా. నేను పోయేతలికే అయిపోయింది."

"విమానంలో పోతివి కదా బావా, తొందరగా పోతావనుకుంటిమే."

అతను తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

పదకొండో రోజు కర్మ ముగిశాక పనిలోకి వెళ్లాడు. షెడ్డులో సీట్లు మార్చాల్సిన ఇంకో విమానం నిలిచి ఉంది. మునివెంకటప్ప అతని మోకాలు చూసి, "నువ్వు కింద కూచోవద్దులేప్పా, బోల్టులు అందియ్యి చాలు," అన్నాడు. రామాంజినప్ప గోడకానుకుని సాయంత్రం దాకా ఒక్కొక్కటే అందించాడు.