లెక్కల టీచరు ఎత్తిన బరువు

ఎనభైల చివర్లో నేను నారాయణఖేడ్‌లో, ఆడపిల్లల బడిలో డ్రిల్ టీచర్ని. నలభై దగ్గర పడుతున్నాయి. ఎవరైనా టీచరు సెలవు పెడితే ఆ క్లాసుకు నన్ను పంపేవాళ్లు. పిల్లలు అల్లరి చేయకుండా చూస్తే చాలు, పాఠం చెప్పమని ఎవరూ అడగరు. స్టాఫ్ రూములో నా కుర్చీ తలుపు పక్కన ఉండేది. ఎవరు వచ్చినా, ఎవరు పోయినా నేను కాళ్లు ముడుచుకోవాలి. లెక్కలు, సైన్సు చెప్పేవాళ్లు ఏదో ఒకనాటికి హెడ్‌మిస్ట్రెస్‌లు అవుతారు. డ్రిల్ టీచరు మాత్రం డ్రిల్ టీచరుగానే ఇంటికి పోతుంది.

నాకంటూ ఉన్నది ఒంట్లో బలం ఒక్కటే. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లో షాట్‌పుట్ గుండు విసిరేదాన్ని. పెళ్లయి, బిడ్డ పుట్టాక అది మరుగున పడింది. సంగారెడ్డిలో జరిగే జిల్లా ఉద్యోగుల ఆటల పోటీల్లో ఆడవాళ్లకూ షాట్‌పుట్ పెడుతున్నారని విన్నాక మళ్లీ ఆశ పుట్టింది. మా ఆయన పశువుల దవాఖానలో కాంపౌండరు. "గీ వయసుల గీ గుండ్ల పిచ్చేందే నీకు?" అంటూనే, ఒక ఇనుప రాడ్డుకు రెండు చివర్లా డాల్డా డబ్బాలు తగిలించి, వాటిలో సిమెంటు పోసి ఇచ్చాడు. అది సులువయ్యాక పెద్ద డబ్బాలతో ఇంకొకటి చేశాడు. రెండింటినీ బడి కొట్టుగదిలో, విరిగిన బల్లల పక్కన పెట్టుకున్నాను. పొద్దున ప్రార్థన గంటకు ముందే వచ్చి, కొంగు నడుముకు దోపుకుని, తలుపు వేసుకుని ఎత్తేదాన్ని. చిన్న రాడ్డు తల మీదికి లేపడానికి నాకు ఒక సంవత్సరం పట్టింది. పెద్దది ఛాతీ వరకు వచ్చి అక్కడే ఆగిపోయేది.

అప్పుడు ఆ కొట్టుగదికి వచ్చింది మా బడి లెక్కల టీచరు. కంగ్టి వైపు రైతు కుటుంబం ఆమెది, నా కంటే రెండేళ్లు చిన్న. బోర్డు మీద రాసీ రాసీ భుజం పట్టేసిందని, ఏదన్నా కసరత్తు చేయమని డాక్టరు చెప్పాడట.

"అక్కా, నాకు గూడ నేర్పియ్యవా? ఒక్కదాన్నే చెయ్యాలంటె సిగ్గయితది," అంది.

సరే అన్నాను. నాకూ తోడు దొరికిందని సంబరపడ్డాను. పాదాలు ఎక్కడ పెట్టాలో, వీపు ఎలా నిటారుగా ఉంచాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో అన్నీ చెప్పాను. తర్వాత మైదానంలో గుండు విసరడం కూడా నేర్పాను. చెప్పింది చెప్పినట్టు చేసేది. రాడ్డు కింద పెట్టినప్పుడల్లా, వాళ్ల ఊళ్లో కన్నడం కలిసిన మాటలో, "ఆయ్తు" అనేది. అయిపోయింది అని. మొదట్లో ఆ మాట ముద్దుగా అనిపించేది.

వానాకాలం పోయి కంది చేలు పూతకు వచ్చేసరికి ఆమె చిన్న రాడ్డును ఆడుతూ పాడుతూ తల మీదికి లేపుతోంది. ఒకరోజు నేను భుజం నొప్పితో కూర్చుని ఉంటే, పెద్ద రాడ్డు దగ్గరికి పోయింది.

"ఒక్కసారి జూస్తనక్కా."

చూస్తాను అన్నది ఎత్తేసింది. రాడ్డు ఛాతీ దాకా వచ్చింది, క్షణం ఆగింది, అక్కడి నుంచి మెల్లగా తల మీదికి పోయింది. కింద పెట్టి "ఆయ్తు" అని నా వైపు చూసి నవ్వింది. నేను శభాష్ అన్నాను. చప్పట్లు కూడా కొట్టాను. లోపల మాత్రం ఒళ్లంతా భగ్గుమంది. ఆమెకు లెక్కలు ఉన్నాయి, బోర్డు దగ్గర గౌరవం ఉంది, స్టాఫ్ రూములో కిటికీ పక్క కుర్చీ ఉంది. ఇది కూడా ఆమెకే కావాలా? ఆ రోజు ఇంటికి వచ్చి రొట్టెలు చేస్తుంటే పిండి ముద్దను ఎంత గట్టిగా కొట్టానో, ఒక్క రొట్టె కూడా సరిగ్గా రాలేదు.

ఆ తర్వాత నుంచి ఆమెకేమీ చెప్పడం మానేశాను. ఆమె అడిగితేనే జవాబు. తనకంటే ముందు వచ్చి దొంగతనంగా నాలుగుసార్లు ఎక్కువ ఎత్తేదాన్ని. దాంతో నా భుజం ఇంకా పాడైంది.

నవంబరు చివర్లో హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచింది. సర్వీసులో ఉన్న డ్రిల్ టీచర్లకు హైదరాబాదులో ఒక సంవత్సరం ట్రైనింగ్. అది పూర్తిచేస్తే జూనియర్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పోవచ్చు. వయసు దాటిపోతే ఇంక అవకాశం ఉండదు. పదిహేనేళ్లుగా నేను ఎదురుచూసింది అదే. కానీ ఉద్యోగుల పోటీలకు ముందే అక్కడ చేరాలి, మధ్యలో సెలవు ఇవ్వరు. ఆ పోటీలకు నాతో పాటు లెక్కల టీచరు కూడా పేరు ఇచ్చింది.

మా ఆయన ఒక్క మాటే అన్నాడు. "పో. నేను, బిడ్డ వండుకుంటం. పరేషాన్ గాకు."

లెక్కల టీచరు కూడా అదే అంది. "పో అక్కా. గీ మోకా మల్ల వస్తదా? గుండు యాడికి పోతది?"

"నేను పోతె సంగారెడ్డిల నువ్వొక్కదానివే ఇసురుతవు గద," అన్నాను. నవ్వుతూ అన్నానని అనుకున్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"నువ్వు రాకుంటె నేనెందుకు పోతనక్కా? నాకేం పని ఆడ?"

ఆ మాట నేను నమ్మలేదు. నన్ను పంపించి మొదటి బహుమతి తీసుకోవాలని చూస్తోందనే నా మనసుకు తోచింది. రోజూ కొట్టుగదిలో ఆమె వీపు చూస్తూ, పోనా మాననా అని నలిగాను. చివరికి భుజం నొప్పి సాకు చెప్పి, ట్రైనింగ్‌కు పోనని హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పేశాను. భుజం నొప్పి ఉన్నదాన్ని షాట్‌పుట్‌కు మాత్రం పేరు ఉంచుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు మీదుగా నన్ను చూసి, ఆ ట్రైనింగ్ కాగితం సొరుగులో పెట్టేసింది.

జనవరిలో ఇద్దరం ఒకే బస్సులో సంగారెడ్డి పోయాం. మైదానంలో చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఆఫీసుల నుంచి వచ్చిన ఆడవాళ్లందరం వరుసలో నిలబడ్డాం. నేను బాగానే విసిరాను, అబద్ధం చెప్పను. నా గుర్తు చాలాసేపు అందరికంటే ముందు ఉంది. లెక్కల టీచరు చివరి విసురు వేసినప్పుడు గుండు నా గుర్తు దాటి, జానెడు అవతల, మెత్తటి మట్టిలో దిగబడింది. ఆమెకు మొదటిది, నాకు రెండోది.

బహుమతి తీసుకుంటూ ఆమె నన్ను చేయి పట్టి ముందుకు లాగింది. "నాకు నేర్పింది గీమెనే సార్," అంది. అక్కడి పెద్దమనుషులు నాకు కూడా చప్పట్లు కొట్టారు. ఆమె నన్ను తిట్టినా అంత మండేది కాదేమో. తిరుగు బస్సులో జోగిపేట దాటాక ఆమె నా పాడైన భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నొప్పి పుడుతున్నా నేను కదల్లేదు. ఎందుకు కదల్లేదో ఇప్పటికీ చెప్పలేను.

ఎండాకాలంలో ఆమెకు హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది, సిర్గాపూర్‌కు. వాళ్లాయన దుకాణం నారాయణఖేడ్‌లోనే, పిల్లల చదువు ఇక్కడే. రోజూ బస్సులో పోయి రావాలి, ఇక పొద్దున కొట్టుగది ఉండదు. ఆమె కూడా నాలాగే సతమతమవుతుందని, నాలాగే ఏదో ఒకటి పోగొట్టుకుంటుందని ఎదురుచూశాను. ఆ కాగితం చేతికి వచ్చినప్పుడు మేమిద్దరం చాయ్ తాగుతున్నాం. ఆమె గ్లాసు కింద పెట్టేలోపే తేల్చేసింది.

"పోతనక్కా. గా బళ్లె గూడ ఏదో బరువుంటది గద, ఎత్తుకుంట."

నాకు ఆమె ప్రమోషన్ కంటే, ఆమె చేతుల బలం కంటే, అంత తేలిగ్గా ఒక మాట అనుకుని లేచిపోగలగడం చూసి ఎక్కువ కుళ్లు పుట్టింది.

ఆమె వెళ్లిపోయాక భుజానికి నిజంగానే విశ్రాంతి ఇచ్చాను. వానాకాలం మధ్యలో ఒక పొద్దున పెద్ద రాడ్డు తల మీదికి లేచింది. ఆ గదిలో ఇంకెవరూ లేరు. దించి, చెమట తుడుచుకుని, ప్రార్థనకు పిల్లలను వరుసలో నిలబెట్టడానికి పోయాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలనుకున్న మనిషి ఆ వేళకు సిర్గాపూర్ బస్సులో ఉంది.

ట్రైనింగ్ పిలుపు ఇంకో రెండేళ్లకు మళ్లీ వచ్చింది. నా వయసు దాటిపోయింది. మా బడి హెడ్‌మిస్ట్రెస్ పై ఆఫీసుల చుట్టూ తిరిగి మినహాయింపు తెప్పించింది. ఈసారి పోయాను. ప్యాంటు తొడుక్కుని, నన్ను అమ్మా అని పిలిచే అమ్మాయిల వెనక పరుగెత్తాను. పరుగులో ఎప్పుడూ వెనకే, బరువుల దగ్గర మాత్రం వాళ్లంతా నా వెనక. తర్వాత జహీరాబాద్ వైపు ఒక కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేరాను. మొదటిసారి పోయి ఉంటే నారాయణఖేడ్‌లోనే ఖాళీ ఉండేదట. దాని సంగతి తలుచుకోవడం మానేశాను, మానేయాలని ప్రయత్నిస్తున్నాను అనాలి.

తొంభైల మధ్యలో మా బిడ్డ పెళ్లి నారాయణఖేడ్‌లో చేశాం. లెక్కల టీచరు పొద్దున్నే వచ్చింది. జుట్టు నెరిసింది, మనిషి మాత్రం అలాగే ఉంది. వడ్డన మొదలయ్యే వేళకు షామియానా వెనక బగారన్నం వండిన పెద్ద గంజును కట్టెల పొయ్యి మీది నుంచి దించాలి. వంటవాళ్లు మనుషుల కోసం కేకలు వేస్తుంటే ఆమె చీర దోపుకుని గంజుకున్న ఒక కడియం పట్టుకుంది.

"చూసిండ్రా, ఏం బలముందో ఈమెకు!" అని మగపెళ్లివారి ముసలామె అందరికీ వినపడేలా అంది.

పట్టుచీరలో, పెళ్లికూతురి తల్లిగా, చేతులు కట్టుకుని నిలబడాల్సిన దాన్ని. నిలబడలేకపోయాను. పోయి, రెండో కడియం పట్టుకున్న కుర్రవాణ్ణి పక్కకు జరిపాను.

"నీ భుజం మంచిగున్నదా అక్కా?" అంది ఆమె.

"నీ దిక్కు జూసుకో," అన్నాను.

ఇద్దరం ఒక్కసారే ఎత్తాం.